వేడెక్కాక క్లచ్ వదలడం లేదు: పాత బుల్లెట్ 350, నాలుగు గేర్ల బాక్స్

బండి 1984 మోడల్, కుడికాలు గేరు, కాస్ట్ ఐరన్ ఇంజన్. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ పూర్తిగా విప్పి కట్టినది. చల్లగా ఉన్నప్పుడు క్లచ్‌కి ఏ లోపమూ లేదు. పదిహేను నిమిషాలు నడిచాక మాత్రం క్లచ్ లీవర్ పూర్తిగా నొక్కి పట్టుకున్నా ఫస్ట్ గేర్లో బండి ముందుకు లాగుతోంది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడదు. ఇంజన్ ఆపితే వెంటనే పడుతుంది. అందుకే గేరు మార్చే పాల్, రాచెట్ల మీద నాకు అనుమానం లేదు.

కేబుల్ కొత్తది, లీవర్ దగ్గర ఫ్రీ ప్లే (క్లచ్ మీద పని మొదలయ్యే ముందు ఖాళీ కదలిక) 2 మి.మీ. స్టీల్ ప్లేట్లు అద్దం మీద పెట్టి చూసి, వంకర ఉన్నది మార్చాను. క్లచ్ డ్రమ్ (ప్లేట్లు కూర్చునే గిన్నె) గాడుల్లో అరుగుదల లేదు. మూడు స్ప్రింగులూ సరిచేశాక ప్రెషర్ ప్లేట్ అన్ని వైపులా సమానంగానే లేస్తోంది. ప్రైమరీలో (ఇంజన్ నుంచి క్లచ్‌కి వెళ్లే గొలుసు ఉండే పెట్టె) 20డబ్ల్యూ40 ఇంజన్ ఆయిల్ తీసి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే పల్చటి ఆయిల్) పోసినా తేడా లేదు.

దొరికిన ఆధారం ఒకటే. ప్రైమరీ కవర్‌కి ఒక్క నట్టే కాబట్టి బండి వేడి మీదుండగానే విప్పి చూశాను. క్లచ్ నొక్కితే డ్రమ్‌తో సహా మొత్తం సెట్టు దాదాపు 1 మి.మీ. బయటికి జరుగుతోంది, ప్లేట్లు విడిపోవాల్సిన జరుగుడు అందులోనే పోతోంది. చల్లారితే ఆ కదలిక లేదు, ఫ్రీ ప్లే మళ్లీ 2 మి.మీ.కే వస్తోంది. కాబట్టి పుష్ రాడ్ (ప్రెషర్ ప్లేట్‌ని నెట్టే కడ్డీ) అరుగుదల కాదనుకుంటున్నాను.

గేర్‌బాక్స్ లోపలి అల్యూమినియం కవర్లో మెయిన్ షాఫ్ట్ (క్లచ్ బిగించి ఉండే ఇరుసు) బేరింగ్ సీటు వేడికి వదులవుతోందా, లేక షాఫ్ట్ ఎండ్ ప్లేనా (పొడవు వెంట అటూ ఇటూ జరిగే ఆట)? బాక్స్ దించకుండా ఇది తేల్చుకునే పద్ధతి ఏమిటి?