వాలీబాల్: చేతులు వాస్తున్నాయి, పెద్దోళ్లతో రూల్స్ పంచాయితీ

ప్రశ్న (హాలియా దగ్గరి పల్లె నుంచి)

అందరికీ నమస్కారం. ఇంటర్, డిగ్రీ చదివేవాళ్లం కొందరం కలిసి సాయంత్రాలు స్కూల్ గ్రౌండ్‌లో వాలీబాల్ మొదలుపెట్టాం. సంక్రాంతికి పక్క ఊరి టోర్నమెంట్‌లో ఆడాలని ఉంది. బాల్ తీస్తుంటే మణికట్ల దగ్గర ఎర్రగా వాస్తోంది, బాల్ కూడా ఎటో ఎగిరిపోతోంది. ఇంకోటి, ఊరి పెద్దోళ్లతో ఆడితే రోజూ గొడవే. సర్వీస్ నెట్‌కు తగిలి అవతల పడితే చెల్లదంటారు. కాలికి తగిలితే ఫౌల్ అంటారు. సర్వీస్ మన చేతిలో లేకపోతే పాయింటే రాదంటారు. ఏది నిజం? కోర్టు కొలతలు కూడా చెప్పండి, ఇప్పుడు అడుగులతో లెక్కేసి గీస్తున్నాం.

జవాబు (పీఈటీ, మిర్యాలగూడ)

తమ్ముడూ, ముందు బాల్ చూడు. సైకిల్ పంపుతో రాయిలా గాలి కొట్టి ఉంటారు. గేజ్ ఉంటే 4.3 నుంచి 4.6 పీఎస్ఐ మధ్య ఉండాలి. గేజ్ లేకపోతే బొటనవేలితో గట్టిగా నొక్కు, కొంచెం లోపలికి పోవాలి. అసలే పోకపోతే గాలి తీసెయ్.

ఇక చేతులు. బాల్ తగలాల్సింది మణికట్టుకు కాదు, బొటనవేళ్లకు అసలే కాదు. మణికట్టుకు నాలుగు వేళ్ల పైన, ముంజేతి లోపలివైపు కండ ఉన్నచోట తగలాలి. ఒక చేతి పిడికిలిని రెండో అరచేతిలో పెట్టు. బొటనవేళ్లు రెండూ పక్కపక్కన సమానంగా ఉండాలి. మణికట్లు కిందికి వంచితే మోచేతులు వాటంతటవే లాక్ అవుతాయి, ముంజేతులు చదునుగా వస్తాయి. బాల్ ఎటో పోతోందంటే ఎక్కువసార్లు కారణం ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి ఉండడమే.

రెండో కారణం, చేతులు ఊపడం. కొత్తవాళ్లందరూ బాల్ రాగానే చేతులు పైకి విసురుతారు. వేగంగా వచ్చే బాల్‌కు ఆ ఊపు అక్కర్లేదు, దాని బలం దానికుంది. మోకాళ్లు వంచి, ఒక పాదం కాస్త ముందుంచి, బాల్ కిందికి కాళ్లతోనే వెళ్లాలి. చేతులు చాచి అందుకుందామని నిలబడితే పని కాదు. లేపేటప్పుడు మోకాళ్లు లేవాలి, భుజాలు లిఫ్టర్ (స్మాష్‌కు బాల్ లేపి ఇచ్చే ఆటగాడు) వైపు తిరగాలి. రోజూ ఆటకు ముందు కాసేపు ఇద్దరిద్దరుగా నిలబడి, ఒకరు విసిరితే ఒకరు తీయండి. స్మాష్ కోసం అందరూ నెట్ దగ్గర క్యూ కడతారు గానీ, మొదటి పాస్ లిఫ్టర్‌కు చేరని టీమ్‌లో స్మాషర్‌కు పనే ఉండదు.

మొరం నేల మీద డైవ్‌లు మాత్రం కొట్టకండి. టీవీలో వాళ్లు పడేది చెక్క ఫ్లోర్ మీదో, సింథటిక్ ఫ్లోర్ మీదో.

జవాబు (పాత ఆటగాడు, నాగర్‌కర్నూల్)

మీ ఊరి పెద్దోళ్లు అబద్ధం చెప్పడం లేదు బాబూ, వాళ్ల కాలం ఆట ఆడుతున్నారు. అప్పట్లో సెట్ 15 పాయింట్లే. సర్వీస్ చేసే జట్టుకే పాయింట్, ఎదుటివాళ్లు ర్యాలీ (సర్వీస్ నుంచి బాల్ పడేదాకా సాగే ఆట) గెలిస్తే ‘చేంజ్’ మాత్రమే, అంటే సర్వీస్ వాళ్లకు మారేది. సర్వీస్ నెట్‌కు తాకితే పోయినట్టే. నడుము కింద తగిలితే ఫౌలే.

ఇవన్నీ మారాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికే ర్యాలీ పాయింట్ పద్ధతి వచ్చేసింది. సర్వీస్ ఎవరిదైనా, ర్యాలీ గెలిచినవాళ్లకే పాయింట్. సెట్ 25కి, కనీసం రెండు తేడా ఉండాలి, లేకపోతే 26, 27 అలా పోతూనే ఉంటుంది. అయిదో సెట్ 15కి. సర్వీస్ నెట్‌కు తాకి అవతలి కోర్టులో పడితే ఆట సాగుతుంది. బాల్ శరీరంలో ఎక్కడ తగిలినా చెల్లుతుంది, కాలితో లేపినా సరే. పట్టుకుని విసరకూడదు, అంతే.

ఊళ్లో పెద్దోళ్లతో ఆడేటప్పుడు టాస్‌కు ముందే ఏ రూల్ అని తేల్చుకోండి. పాత రూల్స్‌లో ఆడడం కూడా సరదానే. ఒక్కో పాయింట్‌కు ఎంత చెమట కారేదో మీకూ తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

థాంక్స్ సార్. టీవీలో హైదరాబాద్ బ్లాక్ హాక్స్ మ్యాచ్‌లో సెట్ 15కే అయిపోయింది కదా? మరి 25 అంటున్నారు?

జవాబు (పీఈటీ, మిర్యాలగూడ)

అది ప్రైమ్ వాలీబాల్ లీగ్ సొంత పద్ధతి, టీవీకి తగ్గట్టు పెట్టుకున్నారు. మీ టోర్నమెంట్‌లో ఏది నడుస్తుందో పేరు ఇచ్చేటప్పుడే అడుగు. ఊరి టోర్నమెంట్లలో టైమ్ చాలక ఒకే సెట్ ఆడించడం కూడా ఉంటుంది.

జవాబు (వనపర్తి అమ్మాయి, కాలేజీ టీమ్)

రొటేషన్ గురించి ఎవరూ చెప్పలేదు. ఊళ్లలో ఎవరి స్థానం వాళ్లకు ఫిక్స్ చేసుకుని ఆడతారు, టోర్నమెంట్‌లో రిఫరీ పాయింట్ తీసేస్తాడు. సర్వీస్ ఎదుటివాళ్ల నుంచి మీకు వచ్చిన ప్రతిసారీ ఆరుగురూ గడియారం ముల్లు తిరిగే వైపు ఒక స్థానం జరగాలి. ముందు వరస కుడివైపు వాళ్లు వెనక్కి వచ్చి సర్వీస్ చేస్తారు. ఎదుటివాళ్లు సర్వీస్ కొట్టే క్షణానికి మీ వరస సరిగ్గా ఉండాలి. బాల్ కొట్టాక ఎటైనా పరుగెత్తవచ్చు. లిఫ్టర్ వెనక వరసలో ఉన్నా నెట్ దగ్గరికి వచ్చేది అందుకే. కానీ వెనక వరసవాళ్లు 3 మీటర్ల గీత లోపల్నుంచి ఎగిరి స్మాష్ కొట్టకూడదు, నెట్ మీద చేతులెత్తి అడ్డుకునే బ్లాక్‌కూ వెళ్లకూడదు.

ఇంకో గొడవ, మూడు టచ్‌లలో బాల్ అవతలికి పంపాలనే లెక్క. బ్లాక్‌లో చేతికి తగిలింది అందులోకి రాదు, ఆ తర్వాత కూడా మూడు ఉంటాయి. బ్లాక్ చేసినవాళ్లే వెంటనే మళ్లీ తీయొచ్చు.

సర్వీస్ రానివాళ్లు మొదట అండర్ హ్యాండే కొట్టండి, సిగ్గేమీ లేదు. విజిల్ తర్వాత 8 సెకన్లు టైమ్ ఉంటుంది, కంగారు పడొద్దు. కొట్టేటప్పుడు వెనక గీత తొక్కకూడదు.

జవాబు (పాత ఆటగాడు, నాగర్‌కర్నూల్)

కొలతలు రాసుకో. కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9. నడుమ గీతకు రెండు వైపులా 3 మీటర్ల దగ్గర అటాక్ గీత. గీతలు 5 సెంటీమీటర్ల వెడల్పు. గీత మీద పడితే బాల్ లోపలే. సగం కోర్టు 9కి 9 చతురస్రం కాబట్టి, మూల నుంచి మూలకు టేపు పెడితే 12 మీటర్ల 73 సెంటీమీటర్లు రావాలి. రాలేదంటే కోర్టు వంకర పోయినట్టు, సున్నం పోయకముందే సరిచేసుకోండి.

నెట్ ఎత్తు మగవాళ్లకు 2.43 మీటర్లు, అంటే 8 అడుగులకు కాస్త తక్కువ. ఆడవాళ్లకు 2.24. చిన్నపిల్లలు ఆడితే తగ్గించి కట్టండి, లేకపోతే వాళ్లు ఎగరడం నేర్చుకోరు, ఎగరేసి పంపడమే నేర్చుకుంటారు.

ప్రశ్న అడిగినవారు

మా నెట్ మధ్యలో జారిపోతోంది పెద్దయ్యా. పోల్స్ దగ్గర కొలిస్తే సరిగ్గానే ఉంది.

జవాబు (పాత ఆటగాడు, నాగర్‌కర్నూల్)

కొలవాల్సింది కోర్టు మధ్యలో. పక్క గీతల దగ్గర ఎత్తు రెండువైపులా సమానంగా ఉండాలి, మధ్యకంటే 2 సెంటీమీటర్లకు మించి ఎక్కువ ఉండకూడదు. పై అంచులో తాడుకు బదులు ఇనుప వైరు దూర్చి, ఒక పోల్ దగ్గర టర్న్‌బకిల్ (తిప్పితే వైరు బిగిసే మర) పెట్టి బిగించండి, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. పోల్స్ గీతకు కనీసం అర మీటరు బయట ఉండాలి. వాటికి పాత టైరు ట్యూబో గోనెసంచో చుట్టండి. పోల్‌ను లాగి కట్టే వైర్లు ఆటగాళ్లు పరుగెత్తే దారిలో పెట్టకండి, చీకటి పడే వేళ కనిపించవు.