పిల్లి ఉన్న ఇంట్లో చీమలను వదిలించుకోవడం ఎలా?

మేము తిరుపతిలో కొర్లగుంట వైపు కింది అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. నాలుగు రోజుల వానకు వంటగది గట్టు వెనుక గోడ పగులులోంచి సన్నటి ఎర్రచీమలు బారులు తీరి వస్తున్నాయి. తెల్లవారి చూసేసరికి పిల్లి గిన్నెలో మిగిలిన పెరుగన్నం మీద మెతుకు కనబడనంతగా ముసురుకొని ఉంటున్నాయి. పాపం, అది ఆకలితో వెళ్ళి, మూతికి చీమ కుట్టగానే ముందుకాలితో తుడుచుకుంటూ వెనక్కి వచ్చేస్తున్నది.

ఇంటి యజమానురాలు చీమల చాక్‌పీసుతో గీతలు గీయమన్నారు. అయితే అందులో ఉండే డెల్టామెత్రిన్ వంటి మందులను పిల్లి కాలేయం త్వరగా విచ్ఛిన్నం చేయలేదని, గీత తొక్కిన పాదాలను నాక్కుంటే చొంగ కారడం, వణుకు, మూర్ఛ వంటివి రావచ్చని తెలిసి ఆ ఆలోచన మానుకున్నాను. కర్పూరం, ఫినాయిలు కూడా పిల్లులకు హాని చేసేవే. పసుపు చల్లితే చీమలు పక్కకు మళ్ళాయి, అంతే. సబ్బునీళ్ళతో తుడిస్తే వాటి వాసన జాడ చెరిగి ఒక పూట ఆగుతున్నాయి. గిన్నెను నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టడం వల్ల అన్నం దక్కుతున్నది గానీ, పుట్ట గోడలోనే ఉంది కదా.

చక్కెర పాకంలో కొద్దిగా బోరిక్ ఆమ్లం కలిపి, దూదిని తడిపి, చిన్న రంధ్రాలు చేసిన మూత డబ్బాలో ఉంచి గ్యాస్ సిలిండరు వెనుక పెడదామనుకుంటున్నాను. పిల్లులను పెంచుతూ ఇలా చేసినవారు ఏ పాళ్ళలో కలిపారు, ఎన్నాళ్ళకు చీమలు తగ్గాయి? పగులును ముందే తెల్ల సిమెంటుతో మూసేయాలా, లేక ఎర మోసుకుపోయేదాకా తెరిచి ఉంచాలా? దయచేసి తెలియజేయగలరు.