స్పిట్‌ఫైర్ పైలట్ ప్యాట్ హ్యూస్ రికార్డులు ఎక్కడ వెతకాలి?

అందరికీ నమస్తే. మేం మెల్‌బోర్న్‌లో పాయింట్ కుక్‌లో ఉంటాం. మన తెలుగువాళ్లు చాలామందే ఉన్న ఏరియా. ఇక్కడి ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంకి మా అబ్బాయిని తీసుకెళ్లినప్పటి నుంచి వాడికి పైలట్ల పిచ్చి పట్టుకుంది. స్కూల్ ప్రాజెక్టుకి ప్యాట్ హ్యూస్‌ని ఎంచుకున్నాడు.

హ్యూస్ 1917లో న్యూ సౌత్ వేల్స్‌లోని కూమా దగ్గర పుట్టాడు. 1936లో మా పాయింట్ కుక్‌లోనే శిక్షణ పొంది, మరుసటి ఏడాది ఇంగ్లండ్ వెళ్లి బ్రిటిష్ వైమానిక దళంలో చేరాడు. 234 స్క్వాడ్రన్‌లో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం నడుపుతూ, 1940లో బ్రిటన్, జర్మనీల మధ్య జరిగిన వైమానిక పోరు బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో పదికి పైగా జర్మన్ విమానాలు కూల్చాడు. ఆగస్టు 1న పెళ్లయింది, సెప్టెంబర్ 7న కెంట్ మీద జరిగిన పోరులో చనిపోయాడు. అప్పటికి 22 ఏళ్లే! పెళ్లయి 37 రోజులు. ఆ లెక్క వేశాక వాడు కాసేపు మాట్లాడలేదు.

చిక్కంతా ఆ చివరి రోజు దగ్గరే. బాంబర్‌ని ఢీకొన్నాడని కొందరు, దాని శకలాలు తగిలాయని కొందరు రాశారు. స్క్వాడ్రన్ డైరీ, తోటి పైలట్ల పోరాట నివేదికలు స్వయంగా చదవాలని మా ఆశ. లండన్‌లోని క్యూ (Kew) అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ నుంచి ఇలాంటివి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? శిక్షణ కాలం కాగితాలకి కాన్‌బెర్రాలో అడగాలా, బ్రిటన్‌లోనా? ప్రాజెక్టుకి రెండు వారాలే టైముంది, కాస్త టెన్షన్‌గా ఉంది.