సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి అసలు దూరమెంత, టైమెంత?

తూనీగ:
చాంగీ నుంచి జేఎఫ్‌కేకి నాన్‌స్టాప్‌లో వెళ్దామని చూస్తున్నా. దూరం ఒక సైట్‌లో 15,300 పైచిలుకు, ఇంకోదాంట్లో 9,500, మరోదాంట్లో 8,280 అని ఉంది. టైం కూడా అంతే, ఒకచోట 17 గంటలు, టికెట్‌లో 18 గంటల పైన, పైగా అర్ధరాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగిపోతామంట! తిరుగు ప్రయాణానికి మళ్లీ వేరే లెక్క. దారి ఒకటే కదా, భూమి తిరగడం వల్లనా? తెలిసినవాళ్లు చెప్పండి.

భూగోళం:
ఆ మూడు అంకెలూ ఒకటేనండి. మొదటిది కిలోమీటర్లు, రెండోది మైళ్లు, మూడోది నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.852 కి.మీ.). చాలా సైట్లు యూనిట్ మూలన చిన్నగా రాస్తాయి, అదొక్కటి చూసుకోండి.

ఇది గ్లోబు మీద దారం బిగించి కొలిచినట్టు వచ్చే దూరం. ఆ దారం ఎటు పోతుందో మీరే లెక్కేయొచ్చు కూడా. సింగపూర్ 104 డిగ్రీల తూర్పు రేఖాంశం, న్యూయార్క్ 74 పశ్చిమం, కలిపితే 178, అంటే రెండూ భూమికి దాదాపు ఎదురెదురు వైపుల ఉన్నాయి. అందుకే అన్నిటికన్నా దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది, గోడ మీది మ్యాప్ చూస్తే ఈ సంగతి అస్సలు తట్టదు.

రెక్కలగుర్రం:
దారి ఒకటే అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. ధ్రువం మీదుగా దగ్గరే అయినా విమానం చాలాసార్లు అటు వెళ్లదు. సుమారు 9 నుంచి 12 కి.మీ. ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది, చలికాలంలో గంటకి 300 కి.మీ. కూడా దాటుతుంది, అది వెనక నుంచి తోస్తే వెయ్యి కిలోమీటర్లు చుట్టు తిరిగినా టైమూ ఇంధనమూ కలిసొస్తాయి. అందుకని వెళ్లేటప్పుడు పసిఫిక్ మీదుగా, వచ్చేటప్పుడు అట్లాంటిక్, యూరప్ మీదుగా పోవడం మామూలే, అంటే రెండుసార్లూ తూర్పుకే ఎగిరి మొత్తం భూమిని చుట్టి వస్తారన్నమాట! నాకైతే ఈ రూట్‌లో అన్నిటికన్నా నచ్చే విషయం ఇదే. ఏ రోజు ఎటు అనేది ఆ రోజు గాలిని బట్టి నిర్ణయిస్తారు.

భూమి కింద తిరిగిపోతే విమానానికి కలిసొస్తుందనేది మాత్రం నిజం కాదు, గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది కదా.

రన్‌వే09:
17 గంటలనేది 15,340 కి.మీ. దూరాన్ని గంటకి 900 కి.మీ. విమాన వేగంతో భాగించిన లెక్క, అంతే. టికెట్‌లో ఉండేది గేటు నుంచి గేటు దాకా, అందులో ట్యాక్సీయింగ్ (విమానం గేటుకీ రన్‌వేకీ మధ్య నేల మీద కదలడం), పైకెక్కడం, దిగడం, చుట్టుదారి అన్నీ కలిసి ఉంటాయి. ప్లాన్ చేసుకోడానికి టికెట్ టైమే పట్టుకోండి.

ఇక తెల్లారేసరికి దిగడం. న్యూయార్క్ గడియారం సింగపూర్ కంటే వేసవిలో 12 గంటలు, చలికాలంలో 13 గంటలు వెనక. చలికాలంలో మీరు అర్ధరాత్రి ఎక్కే సమయానికి అక్కడ ముందురోజు ఉదయం 11. దానికి పద్దెనిమిదిన్నర గంటలు కలపండి, ఉదయం ఐదున్నర.

తూనీగ:
ఇప్పుడు క్లియర్, థాంక్సండీ అందరికీ. అయితే వచ్చేటప్పుడు ఒక రోజు పోతుందా?

రన్‌వే09:
పోతుంది. జనవరిలో అక్కడ ఉదయం పదిన్నరకి ఎక్కారనుకోండి, సింగపూర్‌లో దిగేసరికి మర్నాడు సాయంత్రం ఆరు దాటుతుంది. ఆ రాత్రికి ఇంకో ఫ్లైట్ ఏదైనా ఉంటే మధ్యలో బాగా గ్యాప్ పెట్టుకోండి.