హాస్టల్లో మందుల వెండింగ్ మెషిన్: లైసెన్సు నిజంగా అక్కర్లేదా?

హాస్టల్_ఆఫీసు
ఇబ్రహీంపట్నం వైపు ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్, 600 మంది పిల్లలు. రాత్రి పది దాటితే దగ్గర్లో మెడికల్ షాపు ఉండదు. పారాసిటమాల్, గ్యాస్ మందు, బామ్‌లు పెట్టి మెషిన్ అమ్ముతామని ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. అన్నీ ఓటీసీనే (డాక్టరు చీటీ లేకుండా కొనుక్కునేవి) కాబట్టి లైసెన్సు అక్కర్లేదంటున్నారు. నమ్మొచ్చా?

ఫార్మసిస్ట్_ఎల్బీనగర్
నమ్మకండి. మన డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో ఓటీసీ అని విడిగా ఒక తరగతే లేదు. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలైన షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్‌లలో లేనివాటిని వాడుకలో అలా అంటున్నాం. కొనేవాడికి డాక్టరు చీటీ అక్కర్లేదన్నంత మాత్రాన అమ్మేవాడికి లైసెన్సు అక్కర్లేదని కాదు.

వాళ్లు చూపించేది షెడ్యూల్ కె, అంటే మినహాయింపుల జాబితా అయ్యుంటుంది. ఇంటి మందుల జాబితాలో పారాసిటమాల్, యాంటాసిడ్లు, బామ్‌లు ఉన్న మాట నిజమే. కింద షరతులున్నాయి: ఊరి జనాభా వెయ్యి మించకూడదు, సరుకు లైసెన్సున్నవాళ్ల దగ్గరే కొనాలి, విప్పని ప్యాక్‌లోనే అమ్మాలి.

రిటైల్ లైసెన్సు ఇచ్చేది స్థలానికి. కనీసం 10 చదరపు మీటర్లు, రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండాలి. కాబట్టి వేరే చోటున్న షాపు లైసెన్సు మీ వరండాలోని మెషిన్‌కు పనికిరాదు. ఫార్మసిస్టు అక్కర్లేని మందులకు ఫారం 20ఎ రెస్ట్రిక్టెడ్ లైసెన్సు ఉంది. మెషిన్‌కు ఇస్తారేమో డ్రగ్స్ ఇన్‌స్పెక్టరును అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

హాస్టల్_ఆఫీసు
మాది గ్రామ పంచాయతీనే. మరి లైసెన్సు లేకుండా ఏం పెట్టొచ్చు?

ఫార్మసిస్ట్_ఎల్బీనగర్
పంచాయతీ అయితే చాలదు, జనాభా చూడాలి. ఒక్క మీ హాస్టలే 600 కదా!

ఆయుర్వేద మందుల అమ్మకానికి లైసెన్సు అక్కర్లేదు, తయారీకే కావాలి. విక్స్ వేపోరబ్, ఈనో లాంటివాటి ప్యాక్ మీద ‘ఆయుర్వేదిక్ మెడిసిన్’ అని ఉందో లేదో చూసి తీసుకోండి. శానిటరీ నాప్కిన్లు, కండోమ్‌లు కూడా పెట్టొచ్చు. జ్వరం మాత్రలకు కాలేజీకి వచ్చే డాక్టరును అడగండి. రిజిస్టర్డ్ డాక్టరు తన పేషెంట్లకు మందివ్వడానికి షెడ్యూల్ కెలో వేరే మినహాయింపు ఉంది.

కాయిల్_మెకానిక్
మెషిన్ సంగతి. మామూలు స్నాక్ మెషిన్లో ప్యాక్‌లను ముందుకు నెట్టే స్ప్రింగు లాంటి కాయిల్ ఒక చుట్టు తిరిగితే ఒక ప్యాక్ పడాలి. కాయిల్ చుట్ల మధ్య సందు ప్యాక్ మందం కన్నా కొంచెమే ఎక్కువుండాలి. పల్చటి సాచెట్ వాలిపోయి ఇరుక్కుంటుంది, లేదా రెండు కలిసి పడతాయి. పడినా ఒక్కోసారి, వస్తువు పడిందో లేదో కనిపెట్టే డ్రాప్ సెన్సర్ కిరణాల మధ్యనుంచి జారిపోతుంది. మెషిన్ పడలేదనుకుని మళ్లీ తిప్పుతుంది, లేదా డబ్బు వాపసిస్తుంది. సాచెట్లను విడిగా పెట్టకండి, కంపెనీ అట్టపెట్టెతో వచ్చే ప్యాక్‌లు తీసుకోండి. చివర్లో వేలాడి ఆగిపోతుంటే కాయిల్ కొసను కొద్దిగా తిప్పి బిగించాలి.

గాజు సీసాలు అడుగు ట్రేలోనే. బామ్, చిప్స్ ఒకే మెషిన్లో వద్దు, వారంలో చిప్స్‌కు మెంథాల్ వాసన పడుతుంది.

ఎండ తగిలే గోడకు పెట్టకండి. ప్యాక్‌ల మీద 25 లేదా 30 డిగ్రీల లోపు అని రాసి ఉంటుంది, మన మే నెలలో కూలింగ్ లేని డబ్బా లోపల అది కుదరదు. కూలింగ్ ఉంటే 20–25 మధ్య పెట్టండి. డ్రింకుల కోసం 5కి దించితే ప్యాక్ బయటికొచ్చాక అట్టకు చెమ్మ పడుతుంది.

డెమోలో యూపీఐతో డబ్బు కట్టగానే మెషిన్‌లోని సిమ్ పీకించండి. వస్తువు పడకపోతే డబ్బు తనంతట తాను వెనక్కి రావాలి. ‘కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి’ అంటే ఆ మెషిన్ వద్దు.

లీడ్స్_శ్రీను
బ్రిటన్లో దీనికి చట్టంలోనే దారి ఉంది. జీఎస్ఎల్ (జనరల్ సేల్ లిస్ట్) అనే తరగతి మందులు మెషిన్లో అమ్మొచ్చు, కాకపోతే జనం రాకుండా మూయగలిగే ఆవరణలోనే మెషిన్ ఉండాలి. ఫార్మసీ కాని చోట పారాసిటమాల్ మాత్రల ప్యాక్ 16 దాటకూడదు.

కాయిల్_మెకానిక్
ఒకటి మరిచాను. మెషిన్లో ముందున్నదే ముందు పడుతుంది. నింపేవాళ్లు ఖాళీ అయిన ముందు భాగంలో కొత్త సరుకు పెట్టేస్తే, పాతది వెనకే ఉండి ఎక్స్‌పైరీ అవుతుంది. పాతవి ముందుకు జరిపి కొత్తవి వెనక పెట్టించండి. ట్రేకి ఒకే బ్యాచ్ వేసి, నంబరూ ఎక్స్‌పైరీ తేదీ మెషిన్ తలుపు లోపల రాసి అంటించండి. కంపెనీ ఆ బ్యాచ్ వెనక్కి తీసుకుంటానంటే ఏ ట్రే ఖాళీ చేయాలో వెంటనే తెలుస్తుంది.