సివిల్ కేసుకి లాయర్‌ని ఎలా ఎంచుకోవాలి?

ఆస్తి పంపకాల దావాలో నాన్నగారికి సమన్లు వచ్చాయి. 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ (దావాకి మన రాతపూర్వక జవాబు) వేయాలి, తీరిగ్గా వెతికే వీల్లేదు. ఇద్దరు లాయర్లని కలిశాం. ఒకాయన బాగా పేరున్న సీనియర్. కాగితాలు తిప్పి కూడా చూడకుండా "గెలిపించేస్తా, వకాలత్ మీద సంతకం పెట్టండి" అన్నారు (మన తరఫున కేసు నడిపే అధికారం లాయర్‌కి ఇచ్చే పత్రం అది). వాయిదాలకి మాత్రం జూనియర్లే వెళ్తారట! ఇంకొకావిడకి అనుభవం తక్కువే గానీ, తాతగారి వీలునామా పేజీ పేజీ చదివి, సాక్షులు బతికే ఉన్నారా అని అడిగారు. నాకు ఆవిడ మీదే గురి కుదిరింది, నాన్నగారేమో సీనియర్ వైపే మొగ్గుతున్నారు. ఇలాంటి కేసు నడిపినవాళ్లు కాస్త చెప్పండి: ఫీజు మొత్తం ముందే మాట్లాడుకోవాలా, వాయిదాకి ఇంతనా? మధ్యలో లాయర్‌ని మార్చాల్సొస్తే పాతవాళ్ల దగ్గర నో అబ్జెక్షన్ (అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం), ఫైలు తెచ్చుకోవడం ఎంత కష్టం?