కుటుంబ ప్రార్థనలో చిన్నపిల్లలను కదలకుండా కూర్చోబెట్టాలా?

ఇద్దరు పిల్లల అమ్మ:

అందరికీ వందనాలు. ఒక విషయంలో మావారికీ నాకూ మాట కుదరడం లేదు. మీ అనుభవం చెబుతారని రాస్తున్నాను.

మా పాపకు నాలుగేళ్లు, బాబుకు రెండు నిండాయి. రోజూ పడుకునే ముందు ఒక పాట, ఒక వాక్యభాగం, ప్రార్థన. అంతా కలిపి పావుగంట. మొన్న రాత్రి మావారు కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే బాబు ఆయన ఒళ్లోకెక్కి, కనురెప్పను వేలితో పైకెత్తి, లోపలికి తొంగిచూస్తూ "నాన్నా, ఉన్నావా?" అని అడిగాడు. పాప పడీపడీ నవ్వింది. నాకూ నవ్వాగలేదు. మావారు ప్రార్థన అక్కడితో ఆపేశారు. కోప్పడలేదు కానీ బాధపడ్డారు. వాళ్ల చిన్నప్పుడు ఇంట్లో ప్రార్థన మొదలైతే గుండుసూది కింద పడినా వినిపించేదట. "భయభక్తులు ఇప్పుడు నేర్పకపోతే ఇంకెప్పుడు నేర్పుతాం?" అన్నారు.

మర్నాడు స్నానం చేయిస్తుంటే, తలమీద నీళ్లు పడగానే అదే పిల్లవాడు రెండు చేతులూ పైకెత్తి "తాంక్యూ యేసయ్యా" అన్నాడు. వాడికి ఎవరూ నేర్పలేదు. భోజనం ముందు అక్క అనడం విన్నాడు, తెచ్చి నీళ్లకు పెట్టాడు. మా పావుగంట ప్రార్థన అంతా ఆ ఒక్క మాటలో ఉందనిపించింది నాకు.

ఐదేళ్లలోపు పిల్లలను ప్రార్థనలో కదలకుండా కూర్చోబెట్టి తీరాలా? ఆ వయసులో వాళ్ల సంతోషాన్నే ప్రార్థన అనుకోవచ్చా?

ముగ్గురు పిల్లల నాన్న:

వందనాలు సిస్టర్. నేను మీవారి పక్షం. కూర్చోవడం కూడా నేర్పితేనే వస్తుంది. చెప్పులు వేసుకోవడం నేర్పుతాం, పళ్లు తోముకోవడం నేర్పుతాం, దేవుని ముందు మౌనంగా ఉండటం మాత్రం దానంతట అదే వస్తుందని ఎందుకు అనుకోవాలి? బాలుడు నడవాల్సిన త్రోవ వాడికి నేర్పమని సామెతలు 22:6 చెబుతోంది. యెహోషువ ధర్మశాస్త్రమంతా చదివి వినిపించినప్పుడు పిల్లలు కూడా ఆ సమాజంలో ఉన్నారని యెహోషువ 8:35లో ఉంది. అది గంటల తరబడి సాగే పఠనం. పిల్లలకు అర్థం కాదని ఎవరూ పక్కకు పంపలేదు.

మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్, చార్లెస్ వెస్లీల తల్లి సుసన్నా వెస్లీకి 19 మంది పిల్లలు పుట్టారు, పదిమందే బతికారు. తన పిల్లలకు మాటలు రాకముందే, మోకరించడం తెలియకముందే, కుటుంబ ప్రార్థనలో నెమ్మదిగా ఉండటం అలవాటు చేశానని ఆమె 1732లో కొడుకు జాన్‌కు రాసిన ఉత్తరంలో చెప్పారు. ఆ ఇంట్లోనుంచే కదా జాన్, చార్లెస్ వచ్చారు.

ఇంకో మాట. "అన్నీ ప్రార్థనే" అని మొదలుపెట్టిన ఇళ్లలో కొన్నేళ్లకు ఏదీ ప్రార్థన కాకుండా పోవడం నేను చూశాను. మా ఇంట్లోనే ఒక ఏడాది అలా జరిగింది. అందుకే చెబుతున్నాను.

సండే స్కూల్ టీచర్:

బ్రదర్, మీ చివరి మాట నిజం. నేనూ ఒప్పుకుంటాను. కానీ యెహోషువ 8:35లో పిల్లలు అక్కడ ఉన్నారని మాత్రమే ఉంది, కదలకుండా ఉన్నారని లేదు. నెహెమ్యా 12:43 కూడా చూడండి. గోడ ప్రతిష్ఠించిన రోజు స్త్రీలూ పిల్లలూ సంతోషించారు, యెరూషలేములోని ఆనంద ధ్వని చాలా దూరం వినిపించింది. పిల్లలను పేరెత్తి చెప్పింది అక్కడ సంతోషం దగ్గరే.

మార్కు 10లో శిష్యులు చేసిన పని నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. పిల్లలను తెచ్చినవాళ్లను గద్దించారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ప్రభువు సమయాన్ని, గౌరవాన్ని కాపాడుతున్నాం అనుకున్నారు. సిస్టర్ గారి భర్త, మీరు, నేను అనుకునేది కూడా అదే. యేసుకు మాత్రం కోపం వచ్చింది. పిల్లల మీద కాదు, శిష్యుల మీద. తర్వాత ఆ బిడ్డలను ఎత్తి కౌగిలించుకున్నారు. ఇదే సంఘటన చెబుతూ లూకా 18:15లో వాడిన గ్రీకు మాట బ్రెఫోస్, అంటే చంటిబిడ్డ. పశువుల తొట్టెలో పడుకోబెట్టిన యేసుకు లూకా 2:12లో వాడిందీ ఆ మాటే. పౌలు శిష్యుడైన తిమోతికి పరిశుద్ధ లేఖనాలు "బాల్యమునుండి" తెలుసని 2 తిమోతి 3:15లో మనం చదివే చోట కూడా ఉన్నది అదే. కుదురుగా కూర్చోవడం రాని వయసులోనే తిమోతికి వాక్యం అందిందన్నమాట. అమ్మమ్మ లోయి, అమ్మ యూనీకే ఎలా అందించారో రాసి లేదు. ఒళ్లో పెట్టుకునే అయి ఉంటుందని నా నమ్మకం.

నా క్లాసులో మూడేళ్ల పాప ఒకటుంది. కథ చెబుతున్నంతసేపూ నాకు వీపు తిప్పి, నా చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంటుంది. వినడం లేదనే అనుకున్నాను. తప్పిపోయిన గొర్రె కథ చెప్పిన వారం వాళ్లమ్మ చెప్పింది: బొమ్మలు సర్దుతూ ఒకటి తక్కువైందని ఆ పాప రాత్రి మంచం కింద దూరి వెతికిందట, దొరికాక ఇంట్లో అందరినీ పిలిచి చూపించిందట. కుదురుగా కూర్చున్న పిల్లల్లో ఎంతమందికి ఆ కథ అంత లోతుగా దిగిందో నాకు తెలియదు.

అమ్మమ్మ, నలుగురు మనవలు:

అమ్మా, నేను నా పిల్లలను గట్టిగానే పెంచాను. ప్రార్థనలో కదిలితే తొడమీద గిల్లేదాన్ని. పెద్దమ్మాయి ఈరోజుకీ క్రమం తప్పకుండా ప్రార్థన చేసుకుంటుంది. చిన్నవాడు ఇరవై ఏళ్లు వచ్చాక మానేశాడు. ఒకసారి అడిగితే "ప్రార్థన అంటే నాకు గిల్లుడే గుర్తొస్తుందమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి కొలొస్సయులు 3:21 నాకు వేరే వెలుగులో కనబడింది. పిల్లల మనస్సు క్రుంగకుండేలా చూడమని ఉంది అక్కడ. గిల్లడం వల్లే వాడు దూరమయ్యాడని చెప్పను, ఒక మనిషి మనసు అంత సులువుగా తెలియదు. వాడి కోసం ప్రార్థిస్తూనే ఉన్నాను.

బాబూ, సుసన్నమ్మ గురించి మీరు చెప్పింది సగం. ఆమె వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకు కేటాయించి, విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడేది. జాన్‌కు గురువారం. అతను పెద్దయ్యాక తల్లికి రాస్తూ తలుచుకున్నది ఆ గురువారం సాయంత్రాన్ని.

ముగ్గురు పిల్లల నాన్న:

అమ్మా, మీ మాట నన్ను కాసేపు ఆపేసింది. గిల్లడం, భయపెట్టడం నేనూ ఒప్పుకోను. మా పద్ధతి వేరు. మూడేళ్లకు మూడు నిమిషాలు, అంతే. ఆ మూడు నిమిషాలు మాత్రం కూర్చుంటారు. తర్వాత దుప్పట్ల మీద ఎగిరినా ఏమీ అనను. ఇప్పుడు ఆరేళ్ల పెద్దవాడు తనంతట తానే వచ్చి పక్కన కూర్చుంటాడు.

టీచర్ గారూ, ఒళ్లో పెట్టుకుని అన్నారు, సరే. కానీ ఆ ఒడి రోజూ ఒకే వేళకు దొరకాలి. ఇది మాత్రం నేను వదులుకోలేను.

రాత్రి డ్యూటీ నాన్న:

నాకు ఆ వేళ దొరకదు బ్రదర్. నేను ఇంటికి వచ్చేసరికి పిల్లలు లేచే టైమ్. పాలు కలపడం, డైపర్ మార్చడం, ఇవే నా వంతు. నా పిల్లలకు నేను భక్తి నేర్పడం లేదని చాలాకాలం లోపల దిగులు. 1522లో సంస్కరణోద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ వివాహం గురించి రాస్తూ, తండ్రి విశ్వాసంతో బిడ్డ గుడ్డలు ఉతుకుతుంటే లోకం నవ్వుతుందేమో కానీ దేవుడు తన దూతలతో కలిసి సంతోషిస్తాడన్నారు. మా పాస్టర్ గారు అది చెప్పిన రోజు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ద్వితీయోపదేశకాండము 6:7లో ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు అని నాలుగు వేళలు ఉన్నాయి. నాకు దక్కింది లేచే వేళ.

ఇద్దరు పిల్లల అమ్మ:

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ మావారికి చదివి వినిపించాను. అమ్మమ్మగారి మాట దగ్గర ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మూడు నిమిషాల సంగతి ఇద్దరికీ నచ్చింది. పాటకు మాత్రం లేచి తిరగొచ్చు. వాక్యం పొడుగ్గా చదవాలా, ఒక్క వచనం చాలా అన్నది ఇంకా తేలలేదు. ఆయనకు అధ్యాయమంతా చదవాలని ఉంది.

నిన్న రాత్రి ఆయన బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని, కళ్లు తెరిచే ప్రార్థన చేశారు. వాడు ఆయన పెదవులు కదలడం చూస్తూ కూర్చున్నాడు. ఆమేన్ అనగానే ఆయన రెండు కళ్లనూ అరచేతులతో మూసి, "ఇప్పుడు నేను" అన్నాడు.